లామా కూర్చుందంటే కారణం ఉంటుంది

పోయిన నెల సంచికలో, నా మూడు లామాల మీద సామాను వేసుకుని కొలరాడో కొండల్లో నాలుగు రోజులు నడిచిన సంగతి రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగిన వాటిని తీసుకున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. లామా అంటే దక్షిణ అమెరికా కొండల్లో బరువులు మోసే, ఒంటె జాతికి చెందిన జంతువు. మాది మడకశిర దగ్గర పల్లె. తిరుపతి పశువైద్య కళాశాలలో చదివాను. ఇరవై ఆరేళ్లుగా కొలరాడోలో, లెడ్‌విల్‌కి గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో పశువుల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. మా ఇంటి వెనక బసవడు, చుక్కడు, గౌరుడు అని మూడు లామాలు ఉన్నాయి. మూడూ విత్తులు తీయించిన మగవే.

డాక్టరమ్మ గారూ, గత అక్టోబర్‌లో అట్లాంటాలో ఉండే మా అబ్బాయి మమ్మల్ని స్మోకీ మౌంటెన్స్‌కి తీసుకెళ్లాడు. ఒకచోట దారి జలపాతం వెనక నుంచి వెళ్తుంది. అక్కడ సంచులు వేసుకున్న లామాల వరస ఎదురైంది. అవి ఏం మోస్తున్నాయి? ఎక్కడికి వెళ్తున్నాయి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

అమ్మా, మీరు చూసింది గ్రోటో జలపాతం. ఆ దారి పేరు ట్రిలియం గ్యాప్. అది మౌంట్ లకాంట్ అనే కొండ మీదికి వెళ్తుంది. ఎత్తు 6,593 అడుగులు. పైన ఒక బస ఉంది. దానికి మోటారు రోడ్డు లేదు, గదుల్లో కరెంటు లేదు, కిరోసిన్ దీపాలే. ఏడాదికి సరిపడా బరువైన సరుకులను సీజన్ మొదట్లో హెలికాప్టర్‌లో ఒకసారి దింపుతారు. ఆ తర్వాత నవంబర్ దాకా వారానికి మూడు రోజులు లామాలే వెళ్లి వస్తాయి. ఎక్కేటప్పుడు ఉతికిన దుప్పట్లు, తాజా తిండి సామాను. దిగేటప్పుడు మాసిన బట్టలు, చెత్త. పైకి చేరగానే వంటింట్లో మిగిలిన పాన్‌కేకులు వాటికి పెడతారు. ఆ పాన్‌కేకుల కోసం అవి చివరి మలుపులో నడక పెంచుతాయని విని, మా బసవడి కోసం నేనూ ఒకసారి చేసి చూశాను. వాడు వాసన చూసి పక్కకి తిరిగాడు. వాడికి ఎండు లూసర్న్ గడ్డి చాలు.

గుర్రాలు ఉండగా లామాలు ఎందుకంటే, కారణం వాటి కాళ్ల కింద ఉంది. గుర్రానిది గట్టి డెక్క, దానికి ఇనుప లాడం, దాని మీద అయిదారు వందల కేజీల ఒళ్లు. వాన పడిన దారిలో అది నడిస్తే మట్టి గుంటలు పడుతుంది, ఆ గుంటల్లో నీళ్లు నిలిచి దారి కోసుకుపోతుంది. లామాకి రెండు వేళ్లు, వాటికి గోళ్లు, కింద తోలు దిండు లాంటి మెత్తటి అరికాలు ఉంటాయి. 1998లో మోంటానా అడవుల్లో చేసిన ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడి గడ్డి, మొక్కల మీద మనుషుల్ని, గుర్రాల్ని, లామాల్ని లెక్కపెట్టి నడిపించి చూశారు. లామా తొక్కిడి దాదాపు మనిషి తొక్కిడిలాగే తేలింది. గుర్రానిది వాటికంటే చాలా ఎక్కువ. పేడ కూడా మన మేకల పెంటికల్లాగే ఉంటుంది. పైగా అవన్నీ వెళ్లి ఒకేచోట వేస్తాయి, శుభ్రం చేయడం తేలిక.

మళ్లీ ఎప్పుడైనా ఎదురైతే దారికి ఒక పక్కన నిలబడి మెల్లగా ఏదైనా మాట్లాడండి. మీ గొంతు వింటే మీరు మనిషని వాటికి తెలుస్తుంది. వీపు మీద బ్యాగు, చేతిలో గొడుగు పట్టుకుని ఉలుకూపలుకూ లేకుండా నిలబడితేనే బెదురుతాయి.

లామా ఒంటె జాతిదని రాశారు. మరి మోపురం ఏది? ఇది మొదటి నుంచీ బరువులు మోసే జంతువేనా, లేక అమెరికావాళ్లు సరదాకి నేర్పారా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

మాస్టారూ, అమెరికావాళ్ల సరదా నిన్న మొన్నటిది. ఆండీస్ కొండల్లో మనుషులు గ్వనాకో అనే అడవి జంతువును మచ్చిక చేసుకుని ఆరేడు వేల ఏళ్లు దాటింది. ఆ గ్వనాకో నుంచి వచ్చిందే లామా. ఒంటెల వంశం మొత్తం ఉత్తర అమెరికాలోనే పుట్టింది. ఒక పాయ ఆసియా వైపు వెళ్లి మోపురం ఉన్న ఒంటె అయింది. ఇంకో పాయ సుమారు 30 లక్షల ఏళ్ల కిందట దక్షిణానికి దిగి గ్వనాకో, వికున్యా అయింది. పుట్టిన చోట మాత్రం పది పన్నెండు వేల ఏళ్ల కిందటే అంతరించింది. కొలరాడో కొండల్లో లామాను నడిపిస్తున్నప్పుడు ఈ సంగతి నాకు తరచుగా గుర్తొస్తుంది. పుట్టింటికి తిరిగి వచ్చింది కదా అనిపిస్తుంది.

స్పెయిన్‌వాళ్లు రాకముందు ఇంకాల రాజ్యంలో గుర్రం లేదు, ఎద్దు లేదు, చక్రాల బండి లేదు. బరువు మోసేది మనిషి వీపు, లామా వీపు మాత్రమే. వాళ్లు వేసిన దారుల వ్యవస్థను ఖపాక్ న్యాన్ అంటారు. 30,000 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కొలంబియా నుంచి చిలీ, అర్జెంటీనా దాకా ఆరు దేశాల్లో మిగిలిన భాగాల్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మెట్లు మెట్లుగా కొండ ఎక్కే దారులు అవి. బండి కోసం వేసినవి కావు, కాలి కోసం వేసినవి. 1545లో, ఇప్పటి బొలీవియాలో ఉన్న పొటోసీలో వెండి దొరికాక ఆ కొండ నుంచి ఖనిజాన్ని కిందికి దింపింది కూడా లామాలే.

మీకు బాగా దగ్గరగా అనిపించే సంగతి ఒకటి చెబుతాను. బొలీవియాలో ఉయుని దగ్గర పెద్ద ఉప్పు ఎడారి ఉంది. అక్కడి పశువుల కాపరులు ఉప్పును పలకలుగా కోసి, లామాల మీద వేసుకుని రోజుల తరబడి నడిచి, లోయల్లో ఉన్న రైతుల దగ్గరికి వెళ్లి మొక్కజొన్నలతో మార్చుకునేవాళ్లు. ఒక్కో లామా మీద 25, 30 కేజీలు. రోజుకి 15, 20 కిలోమీటర్లు. చెవులకు రంగురంగుల ఉన్ని కుచ్చులు కట్టేవాళ్లు. దారిలో ఎండిన లామా పేడే పొయ్యిలో మంట.

మన దగ్గర లంబాడీలు సముద్ర తీరం నుంచి ఉప్పును ఎద్దుల వీపుల మీద వేసి లోపలి ఊళ్లకు తెచ్చేవాళ్లు కదా. ఎద్దు వీపు మీద రెండు పక్కలకూ వేలాడే ఆ పెద్ద సంచిని మన భాషలో పెరిక అంటారు. ఇక్కడ కొట్లలో లామా సంచులకు ఏవేవో పేర్లు రాసి అమ్ముతారు. నేను మాత్రం మా ఇంట్లో పెరికలనే అంటాను. ఆ పనికి అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. ఆ ఉప్పు ప్రయాణాలు ఇప్పుడు చాలావరకు ఆగిపోయాయి, లారీలు వచ్చాయి. మన పెరిక ఎద్దులూ అలాగే పోయాయి.

మేం డాలస్ దగ్గర అయిదెకరాలు కొన్నాం. ఒక లామా పిల్లను తెచ్చి పాలసీసాతో పెంచుకుంటే మాకు బాగా అలవాటవుతుందని, తర్వాత హైకింగ్‌కి తీసుకెళ్లొచ్చని మా ఆలోచన. ఏ వయసు పిల్లను తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, టెక్సాస్

తమ్ముడూ, ఆ ఆలోచన మానుకోండి. కటువుగా చెబుతున్నానని అనుకోకండి. ఈ ఒక్క పొరపాటు వల్ల చెడిపోయిన లామాలను నేను నా వృత్తిలో నాలుగింటిని చూశాను.

తల్లిని, మందను వదిలి మనిషి చేతి పాలు తాగి పెరిగిన మగపిల్ల తానూ మనిషినే అనుకుంటుంది. చిన్నప్పుడు భుజాల మీద తల పెడుతుంటే ముద్దుగా ఉంటుంది. రెండేళ్లు దాటి వయసుకొచ్చాక మనిషిని పోటీ మగలామాగా చూస్తుంది. ఎదురు రొమ్ముతో గుద్దుతుంది, మోకాళ్ల మీద కరుస్తుంది. 150 కేజీల జంతువు. మగవాటికి ఆ వయసులో పోట్లాట కోరలు వస్తాయి. పైన నాలుగు, కింద రెండు, బ్లేడుల్లా ఉంటాయి. వాటిని మేం కోసి మొద్దు చేస్తాం. కానీ మనసులో పడిన ముద్రను తీసే మందు నా దగ్గర లేదు.

ఒక్కదాన్నే కొనకండి, కనీసం రెండు తీసుకోండి. లామాకి తోడు లేకపోతే తిండి మీద మనసు పోతుంది. పనికి కావలసింది విత్తులు తీయించిన, మందలో పెరిగిన, నాలుగేళ్లు నిండిన మగది. ఎముకలు ముదరకముందు బరువు వేస్తే వీపు పాడవుతుంది. రెండో ఏట ముఖానికి వేసే హాల్టర్, పగ్గం అలవాటు చేయాలి. మూడో ఏట ఖాళీ జీను, తర్వాత లోపల దిండ్లు పెట్టిన సంచులు. పూర్తి బరువు నాలుగేళ్లు దాటాకే. గట్టిపడిన లామా తన ఒంటి బరువులో అయిదో వంతు, మహా అయితే నాలుగో వంతు మోస్తుంది. మా బసవడు 160 కేజీలు, వాడికి నేను 32 దాటనివ్వను. కొత్తదానికి పదో వంతుతో మొదలుపెట్టండి.

మీ ఊరి ఎండ నన్ను భయపెడుతోంది. ఇక్కడ మేం వాడే లెక్క ఒకటుంది. ఫారెన్‌హీట్‌లో వేడి ఎంతో, గాలిలో తేమ శాతం ఎంతో రెండూ కూడండి. 120 లోపు ఉంటే హాయిగా పని చేస్తుంది. 150 దాటితే పని ఆపేయాలి. 180 దగ్గరికి వస్తే నీడలో ఊరికే నిలబడినా ప్రాణాపాయమే. డాలస్‌లో వేసవి మధ్యాహ్నాలు ఈ లెక్క వేసి చూడండి. వేసవి రాకముందే బొచ్చు కత్తిరించాలి. పొట్ట కింద, తొడల లోపల బొచ్చు పలచగా ఉండే చోట్ల నుంచే దాని ఒంటి వేడి బయటికి పోతుంది. నీళ్లు పోస్తే అక్కడే పోయండి. వీపు మీద పోస్తే తడి బొచ్చు కంబళిలా వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

టెక్సాస్‌లో చాలా ఇళ్ల ముందు గన్నేరు పెంచుతారు. మన గన్నేరే. కొద్ది ఆకులు తిన్నా లామా బతకదు. మీ అయిదెకరాల్లో ఉంటే వేళ్లతో సహా తీయించండి, కొట్టేసిన కొమ్మలు కూడా అక్కడ వదలకండి.

ఇవన్నీ చదివాక కూడా మనసు అటే లాగితే ముందు ఒక వేసవిలో కొలరాడోకో వ్యోమింగ్‌కో రండి. లామాలను అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, సగం రోజు నేర్పించి పంపుతారు. నాలుగు రోజులు వాటితో నడిచి, వాటి పక్కన పడుకుని, తర్వాత నిర్ణయించుకోండి. వెళ్లే పార్కులో లామాలకు అనుమతి ఉందో లేదో ముందే అడగండి. రాకీ మౌంటెన్ పార్కులో చాలా దారుల్లో రానిస్తారు. కొన్ని పార్కులు, అడవి గొర్రెలకు జబ్బులు అంటుతాయన్న భయం ఉన్న కొన్ని ప్రాంతాలు రానివ్వవు.

లామా మనిషి మీద ఉమ్మేస్తుందట, నిజమేనా?
— చాలామంది

ఉమ్ముతుంది, కానీ ఎక్కువగా ఇంకో లామా మీదే, తిండి దగ్గర. మీరు ఆ రెండిటి మధ్య నిలబడితే మీ మీద పడుతుంది. ముందు చెవులు వెనక్కి మడుస్తుంది, గడ్డం పైకెత్తుతుంది. అది చూసి పక్కకి జరగండి. మనిషి మీదే పనిగట్టుకుని ఉమ్మేదాన్ని ఎవరో చెడగొట్టి ఉంటారు.

మీ వ్యాసంలో 'బసవడు ఒకసారి దారి మధ్యలో కూర్చుండిపోయాడు' అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అప్పుడు ఏం చేశారు? మొండికేసిన లామాను ఎలా లేపుతారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

ఆ ఒక్క వాక్యం రాయడానికే నాకు రెండు రోజులు పట్టిందమ్మా. మీరు అడిగారు కాబట్టి చెబుతాను.

ఏడేళ్ల కిందట, ఆగస్టు. మేం అయిదుగురం, మూడు లామాలు. 11,000 అడుగుల దగ్గర చెరువు ఒడ్డుకు సాయంత్రంలోగా చేరాలి. మబ్బులు కమ్ముతున్నాయి, మధ్యాహ్నం దాటితే ఇక్కడి కొండల్లో పిడుగులు పడతాయి, అందరిలోనూ టెన్షన్. సరిగ్గా చెట్లు అయిపోయి రాళ్లు మొదలయ్యే చోట బసవడు ముందుకాళ్లు మడిచాడు, వెనక కాళ్లు మడిచాడు, కూర్చున్నాడు. పగ్గం లాగాను. లేవలేదు. వెనక నుంచి ఒకరు తోశారు. గట్టిగా అరిచాను కూడా. వాడు మూలుగుతున్నాడు. లామాలు మామూలుగా ముక్కుతో సన్నగా 'మ్‌మ్' అంటూ ఉంటాయి, ఆవు దూడను పలకరించినట్టు. ఇది అది కాదు. గొంతు కింది నుంచి వచ్చే మూలుగు. పశువుల డాక్టర్‌ని, ఆ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా వాన గురించి ఆలోచిస్తూ ఇరవై నిమిషాలు దాన్ని లాగాను.

చివరికి చుక్కడు వచ్చి దాని పక్కన తనూ కూర్చున్నాడు. అప్పుడు నా చేతులు ఆగాయి. పెరికలు దింపాను, జీను పట్టీ విప్పాను. ఎడమ ముందుకాలి వెనక, పట్టీ కింద, విరిగిన పైన్ కాయ పెచ్చు ఒకటి బొచ్చులో చిక్కుకుని ఉంది. అడుగడుగుకీ లోపలికి గుచ్చుకుంటూ రూపాయి బిళ్లంత చోట చర్మం లేచిపోయింది. నెత్తురు. సంచులు తూచి చూస్తే ఎడమ పక్కది కుడిదానికంటే మూడు కేజీలు ఎక్కువ. పొద్దున తొందరలో వంట గిన్నెలన్నీ ఒక పక్కనే సర్దాను. ఆ బరువు జీనును ఎడమకి లాగి, పట్టీని సరిగ్గా ఆ పెచ్చు మీదే బిగించింది.

గాయం కడిగి మందు రాశాను. దాని బరువును మేం అయిదుగురం పంచుకున్నాం. చెరువు దాకా వెళ్లలేదు, అక్కడి నుంచి కిందికి చెట్ల మధ్యకి దిగి ఆ రాత్రి గడిపాం. బసవడు ఖాళీ వీపుతో నా వెనకే దిగాడు. పగ్గం లాగాల్సిన పని రాలేదు. ఆ రాత్రి డేరా బయట వాడి మెడ మీద చేయి వేసి చాలాసేపు కూర్చున్నాను.

ఎద్దు కొరడాకి లేస్తుంది. గుర్రం భయానికి పరిగెడుతుంది, పరిగెత్తి పరిగెత్తి కుప్పకూలుతుంది. లామా అలా కాదు. బరువు ఎక్కువైతే, వీపు నొస్తే, ఊపిరి అందకపోతే, ఎండ దెబ్బ తగిలితే కూర్చుంటుంది. దాని దగ్గర ఉన్న మాట అదొక్కటే. దాన్ని మొండితనం అనడం మానేశాను. మీరు 'ఎలా లేపుతారు' అని అడిగారు. లేపను. బరువు దింపుతాను, పట్టీ కింద చేయి పెట్టి తడుముతాను, నాలుగు పాదాలూ ఎత్తి వేళ్ల మధ్య చూస్తాను, థర్మామీటర్ పెడతాను. 104 ఫారెన్‌హీట్ దాటితే ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆపేయాల్సిందే. ఇవేవీ కాకపోతే పక్కన కూర్చుంటాను. నెమరు మొదలుపెట్టిందంటే ఇక ఫర్వాలేదు, కాసేపటికి తనే లేస్తుంది.

ఇప్పుడు నా సంచిలో ఒక వేలాడే కాటా ఎప్పుడూ ఉంటుంది. పొద్దున బయల్దేరే ముందు రెండు పెరికలూ తూస్తాను. తేడా అర కేజీ లోపు ఉండాలి. లేకపోతే ఒక రాయి అయినా వేసి సమం చేస్తాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మళ్లీ తూస్తాను, ఎందుకంటే తిన్నంత బరువు ఒక పక్క తగ్గుతుంది.

డాక్టర్ గారూ, మా మండలంలో కొన్ని గూడేలకు ఇంకా రోడ్డు లేదు. సంత సరుకు, బియ్యం గుర్రాల మీదే వెళ్తాయి. గర్భిణులను డోలీలో మోసుకొస్తాం. మీ వ్యాసం చదివాక మా కొండలకు లామాలు సరిపోతాయేమో అనిపించింది. మీరేమంటారు?
— ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

బాబూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ ఆలోచన వెనక ఉన్న ఆత్రం నాకు అర్థమైంది. కానీ సరిపోవు.

మొదటిది వాతావరణం. పాడేరు ఎత్తులో ఉన్నా మీ వానాకాలం తేమ లామాకి పడదు. 25 సెల్సియస్ అంటే 77 ఫారెన్‌హీట్, దానికి 90 శాతం తేమ కలిపితే 167. నేను పైన చెప్పిన లెక్కలో అది పని ఆపాల్సిన రోజు. మీకు ఏడాదిలో అలాంటి నెలలు ఎన్ని ఉంటాయో మీకే తెలుసు. రెండోది బరువు. ఒక బియ్యం బస్తాకి రెండు లామాలు కావాలి. మనిషిని అది అసలు మోయలేదు, కాబట్టి డోలీకి బదులు కాదు. మూడోది, ప్రభుత్వ అనుమతి, క్వారంటైన్ లేకుండా పశువుల్ని విదేశాల నుంచి తేకూడదు. తెచ్చినా దాని జబ్బులు తెలిసిన డాక్టర్ దగ్గరలో ఉండాలి. మీ కొండ గుర్రాలు తరతరాలుగా ఆ వానలో, ఆ గడ్డి మీద బతికినవి. వాటికి ఉన్న అలవాటు డబ్బుతో కొనేది కాదు.

అందుకని నా లామాల దగ్గర నేర్చుకున్నదాన్ని మీ గుర్రాలకు పంపుతున్నాను. బరువులు మోసే పశువుల గురించి మన దేశంలో 1965 నాటి నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం పొట్టి గుర్రం మీద 70 కేజీలు, గాడిద మీద 50 కేజీలు మించకూడదు. రోజుకి తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా అయిదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని పెట్టకూడదు. సంత రోజున మీ బడి పిల్లలతో ఒక కాటా వేలాడదీసి రెండు పక్కల మూటలూ తూయించండి. గుర్రాలు ఉన్నవాళ్లను తప్పుపట్టడానికి కాదు, చాలామందికి ఎంత వేస్తున్నామో తెలియదు, అంతే. వీపు మీద గోనెసంచి నేరుగా వేయకుండా కింద మందపాటి గొంగళి మడత వేయమనండి. ఆ మడత మధ్యలో, వెన్నెముక మీద, వేలెడు ఖాళీ ఉండాలి. బరువు పక్కటెముకల మీద పడాలి, వెన్ను మీద కాదు. సాయంత్రం దింపాక వీపంతా అరచేత్తో నిమరమనండి. వేడిగా, ఉబ్బుగా తగిలిన చోట రేపు పుండు అవుతుంది.

గర్భిణుల మాటకి వస్తే, వాళ్లకు కావలసింది కొత్త పశువు కాదు, రోడ్డు. దాని గురించి మీరు రాసే అర్జీలో నా సంతకం కూడా కావాలంటే పంపండి, పెడతాను.

మా నాన్నకి 80 గొర్రెలు ఉన్నాయి. ఈ ఏడాది కుక్కల గుంపు పడి తొమ్మిది పిల్లలను చంపేసింది. అమెరికాలో లామాలను మందకు కాపలా పెడతారని యూట్యూబ్‌లో చూశాను.
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

నిజమే, పెడతారు. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల మొదట్లో అయిదు రాష్ట్రాల్లో 145 మంది గొర్రెల పెంపకందార్లను అడిగి చూశారు. లామా వచ్చాక పోయే గొర్రెలు బాగా తగ్గాయని తేలింది. విత్తులు తీయించిన ఒకే ఒక్క మగదాన్ని మందలో వదులుతారు. తోడు లామా ఉంటే అది గొర్రెలను పట్టించుకోదు. ఒక్కటే ఉంటే గొర్రెలనే తన వాళ్లనుకుంటుంది. కయోటీ అనే నక్క లాంటి అడవి జంతువు కనబడితే చెవులు నిక్కించి, గొలుసుకట్టుగా కీచుమని అరిచి, ఎదురెళ్లి తరుముతుంది.

కానీ మీకు వచ్చిన కష్టం వేరు తమ్ముడూ. కయోటీ ఒకటో రెండో వస్తుంది. గుంపుగా వచ్చే కుక్కల ముందు లామా నిలవదు, దాన్నే చంపుతాయి. ఇక్కడ నేను కుట్లు వేసిన లామాల్లో ఎక్కువ ఊరి కుక్కలు కరిచినవే. మీ ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రాత్రి దొడ్డికి నిలువెత్తు వల కట్టండి, కింది అంచును మట్టిలో జానెడు లోతు పాతండి. మంద పక్కన పెరిగిన రెండు కుక్కలను, రేబిస్ టీకాలు వేయించి, దొడ్డి దగ్గరే ఉంచండి. పోయిన పిల్లల గురించి మీ పశువైద్యుడి చేత రాయించుకుని నష్టపరిహారానికి అర్జీ పెట్టండి.

మా తాత మంద వెనక ఒక గాడిద నడిచేది. దాని మీద వంట సామాను, గొంగళ్లు, ఆ దారిలోనే పుట్టిన గొర్రెపిల్లలు. సంచి అంచు పైనుంచి పిల్లల తలలు బయటికి కనబడేవి. తల్లి గొర్రెలు అరుస్తూ దాని వెంటే నడిచేవి. నేను ఈ వృత్తిలోకి రావడానికి కారణం ఆ గాడిదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

డాక్టర్ ఆంటీ, నేను అయిదో తరగతి. నా బరువు 31 కేజీలు. మీ బసవడు 32 కేజీలు మోస్తాడని రాశారు. అయితే నేను ఎక్కొచ్చు కదా?
— ఒక చిన్నారి, రాజమండ్రి

లెక్క సరిగ్గా వేశావు నాన్నా. కానీ పెరికలు రెండు పక్కలా సగం సగం వేలాడతాయి, కదలవు. నువ్వు ఎక్కితే 31 కేజీలూ నడి వెన్ను మీద పడతాయి. పైగా నువ్వు అటూ ఇటూ ఊగుతావు. గుర్రానికి ఉన్నంత గట్టి నడుము లామాకి లేదు. అందుకని మా ఇంట్లో ఎవరం ఎక్కం.

దానికి బదులు పగ్గం నీ చేతికిస్తాను. మా పక్కింటి పాపకి నీ వయసే, చుక్కడిని తనే నడిపిస్తుంది. నువ్వు ముందు, అది నీ భుజం వెనక. తాడును చేతికి చుట్టుకోకూడదు, మడతపెట్టి పట్టుకోవాలి. వాగు వస్తే ముందు నువ్వు దిగి అవతలికి వెళ్లు, తాడు వదులుగా ఉంచి ఆగు. చుక్కడు నీళ్లను వాసన చూస్తాడు, ఒక కాలు పెడతాడు, తీస్తాడు, మళ్లీ పెడతాడు. తొందరపెట్టకు. దాటాక నీ చెవి దగ్గర 'మ్‌మ్' అంటాడు. నువ్వు కూడా తిరిగి అనాలి.